మంత్రదండం ఎవరి చేతిది?

మాయలూ మంత్రాలూ, రాక్షసులూ రాజకుమారులూ గల కథను గురించి అభ్యుదయ విమర్శ చాలాకాలంగా ఒకే తీర్పు చెబుతూ వచ్చింది. అది పలాయన సాహిత్యమనీ, మూఢనమ్మకాలను పెంచుతుందనీ, భూస్వామ్య సమాజపు ఆదర్శాలకు బంగారు పూత పూసి పిల్లల చేతికిస్తుందనీ ఆ తీర్పు సారాంశం. అందులో నిజం లేదని నేననను. అయితే ఒక సాహిత్యశాఖను ఒక్క వాక్యంతో కొట్టివేసిన తర్వాత, దాన్ని అంతమంది ఎందుకు చదువుతున్నారు, చదివి తమలో తాము ఏమని వాదించుకుంటున్నారు అన్న విచారణ మనకు లేకుండా పోయింది. ఆ విచారణను మొదలుపెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం. కథల కంటె, కథల చుట్టూ పాఠకులూ ప్రేక్షకులూ అల్లుకునే ఊహలను గురించీ, వారు చేసే తర్కాన్ని గురించీ ఇక్కడ ఎక్కువగా మాట్లాడదలచాను.

తెల్లవార్లూ రామాయణం విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు అని మనకొక సామెత ఉంది. అడిగినవాణ్ణి వెక్కిరించే సామెత అది. కాని మాయాకథల పాఠకుడు అడిగే ప్రశ్నలు అలాంటివి కావు. ఈ మాంత్రికుడికి ఇంత శక్తి ఉంటే తన పని తానే ఎందుకు చేసుకోలేడు? వీడి ప్రాణం చిలకలో ఉన్నదని తెలిసినవాళ్ళు ఎవరు? వాళ్ళు ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు? ఇవి కథను శ్రద్ధగా విన్నవాడు మాత్రమే అడగగల ప్రశ్నలు. వీటిని పిల్లచేష్టలని తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఇలాంటి ఊహలకు పుట్టిల్లు సీరియల్ కథ. కథకు కథకు మధ్య ఎడం ఉన్నప్పుడే ఊహకు చోటు దొరుకుతుంది. తెలుగులో ఈ ఎడాన్ని నెలనెలా ఇంటింటికీ పంచిపెట్టిన పత్రిక చందమామ. 1947 జులైలో మద్రాసులో అది పుట్టింది. పుట్టించిన ఇద్దరిలో చక్రపాణి తెనాలివాడు. 1952 మొదలు 1980లో మరణించేదాకా దాన్ని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు కూడా తెనాలివాడే, పైగా మార్క్సిస్టు. ఆ పత్రికలో 1954లో ‘తోకచుక్క’తో ఆరంభించి 1970ల చివరిదాకా ‘ముగ్గురు మాంత్రికులు’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ మొదలైన సీరియళ్ళు వ్రాసినవాడు దాసరి సుబ్రహ్మణ్యం. ఆ సీరియళ్ళపైన ఆయన పేరు ఉండేది కాదు. అందుచేత కథలో రహస్యాలతోపాటు కథకుడెవరన్నది కూడా పాఠకులకు చాలాకాలం రహస్యంగానే ఉండిపోయింది. ఆయన చివరిరోజులు విజయవాడలో గడిపి 2010లో ఇక్కడే కన్నుమూశాడు.

గమనించవలసిన సంగతి ఏమంటే, ఇన్ని మంత్రతంత్రాలు వ్రాసిన దాసరి నాస్తికుడు. ఆయనకు ఉద్యోగమిచ్చిన పత్రికను నడిపించిన కుటుంబరావు హేతువాది. మూఢనమ్మకాలకు శత్రువులైన ఇద్దరు మనుషులు కలిసి పాతికేళ్ళు మాంత్రికుల కథలు ప్రచురించడం ద్వంద్వవైఖరి అందామా? అనవచ్చునేమోగాని, ఆ కథలు చదివితే ఆ మాట నిలబడదు. ‘తోకచుక్క’లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అని ఇద్దరు మాంత్రికులున్నారు. ఒకడికి కాలభుజంగం, కంకాళం సేవకులు. ఇంకొకడికి గుడ్లగూబ, నరవానరం. ఇద్దరికీ శక్తులున్నాయి, కాని ఆ శక్తులకు హద్దులున్నాయి. సేవకులు లేకుంటే వాళ్ళకు దిక్కులేదు. ఒకడంటే ఇంకొకడికి భయం. ఇద్దరికీ కావలసింది నిధీ, ఆయుధమూ. అంటే మంత్రశక్తి ఉన్నవాడికి కూడా ఆస్తి మీద ఆశా, పనివాళ్ళ మీద ఆధారమూ తప్పలేదన్నమాట.

మూఢనమ్మకానికీ మాయాకథకూ తేడా ఇక్కడే ఉంది. మూఢనమ్మకం ప్రశ్నను సహించదు. తాయెత్తు కట్టేవాణ్ణి ఇది ఎలా పనిచేస్తుందని అడిగితే వాడికి కోపం వస్తుంది. మాయాకథ అలా కాదు, పాఠకుణ్ణి పిలిచి మరీ ప్రశ్న అడిగించుకుంటుంది. ఈ మంత్రం ఎంతవరకు పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, దీనికి ఏమి మూల్యం చెల్లించాలి అన్న లెక్క కథలో తప్పితే, పదేళ్ళ పిల్లవాడు కూడా ‘ఇది మోసం’ అంటాడు. నెలరోజులు ఆగి, వచ్చే సంచికలో ఏమవుతుందో స్నేహితులతో పందెం కాసిన పిల్లవాడు కార్యకారణ సంబంధాన్ని సాధన చేస్తున్నాడు. వాడికి ఆ మాట తెలియకపోవచ్చు, అంతే.

ఇక మంత్రం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్నకు వద్దాం. దీనికి ‘పాతాళభైరవి’ మంచి ఉదాహరణ. 1951లో కె.వి. రెడ్డి తీసిన ఈ చిత్రానికి కథ, మాటలు సమకూర్చిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవాడు. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల ఛాయలూ, అరబ్బుదేశపు అల్లావుద్దీను ఛాయలూ అందులో ఉన్నాయి. కథానాయకుడు తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమార్తెను కోరితే, తనతో సరితూగే సంపద తెమ్మన్నాడు రాజు. ఆ సంపద కోసం వెళ్ళినవాణ్ణి నేపాళ మాంత్రికుడు బలి ఇవ్వబోయాడు. రాముడు మాంత్రికుణ్ణే బలి ఇచ్చి ప్రతిమను సంపాదించాడు.

ఈ ప్రతిమ నియమాన్ని పరిశీలించండి. ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. కులం అడగదు, వంశం అడగదు, మంచిచెడ్డలు అడగదు. రాముడి చేతిలో ఉంటే భవనం కట్టిపెడుతుంది. దొంగతనంగా మాంత్రికుడి చేతికి చేరితే అదే భవనాన్ని, అందులోని రాజకుమార్తెతో సహా ఎత్తుకుపోతుంది. ఉత్పత్తి సాధనం స్వభావం సరిగ్గా ఇదే. యంత్రానికి యజమాని గుణగణాలతో పనిలేదు. అందుకే ఈ కథలో అసలు పోరాటం మంచి మంత్రానికీ చెడ్డ మంత్రానికీ మధ్య కాదు. ఒకే సాధనం ఎవరి వశంలో ఉండాలన్నదానిపైన. పైగా తోటరాముడు చివరిదాకా తోటమాలి కొడుకుగానే ఉంటాడు. ఎవరో వృద్ధుడు వచ్చి ‘నాయనా, నీవు నిజానికి రాజవంశీయుడవు’ అని చెప్పడు. జానపద కథల్లో ఇది అరుదు. దాసరి ‘శిథిలాలయం’లో కూడా విక్రమకేసరి పక్కన సమానంగా నడిచే వీరుడు శిఖిముఖి శబర యువకుడు. ఈ రెంటినీ పలాయన సాహిత్యమని ఒకే గాటన కట్టినవారు వీటిలో ఉన్న సామాజికాంశాన్ని చూడలేదనక తప్పదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలయింది. కథ విజయేంద్రప్రసాద్‌ది, దర్శకుడు రాజమౌళి. నమ్మినబంటు కట్టప్ప తానే అమరేంద్ర బాహుబలిని చంపానని చెప్పడంతో ఆ భాగం ముగిసింది. రెండవ భాగం 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. ఈ ఇరవైఒక్క నెలలూ ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?’ అన్నది తెలుగు దేశపు ప్రశ్న అయింది. తెలుగే కాదు, దేశంలోని ఇతర భాషలవారు కూడా అడిగారు. చందమామ ఇచ్చిన నెల ఎడం ఇక్కడ రెండేళ్ళకు దగ్గరయింది. ఊహలు కూడా ఆ మేరకు పెరిగాయి.

అప్పటికి నేను పాఠం చెప్పడం మొదలుపెట్టి ఎంతోకాలం కాలేదు. ప్రబంధంలో పాత్రపోషణ గురించి చెబుతుంటే నిద్రపోయే విద్యార్థులు కట్టప్ప పాత్రపోషణ గురించి గంటసేపు వాదించుకోవడం చూశాను. బాహుబలే తనను చంపమని కోరాడని ఒకడు. శివగామి ఆజ్ఞ అని ఒక అమ్మాయి. కాదు, అసలు బాహుబలి చనిపోనేలేదని మరొకడు. ప్రతివాడూ తన ఊహకు సినిమాలోంచి ఆధారం చూపించాలి. చూపించకపోతే మిగిలినవారు ఒప్పుకోరు. మూలపాఠం నుంచి సాక్ష్యం, పూర్వాపర సమన్వయం, పాత్ర స్వభావానికి పొందిక. మేము విమర్శసూత్రాలని చెప్పేవన్నీ వాళ్ళు ఎవరూ నేర్పకుండానే పాటిస్తున్నారు.

రెండవ భాగంలో సమాధానం వచ్చింది. బిజ్జలదేవుడూ భల్లాలదేవుడూ పన్నిన కుట్రలో పడి శివగామి ఆజ్ఞాపించింది. సింహాసనానికి తరతరాలుగా దాస్యం చేసే వంశంలో పుట్టిన కట్టప్ప ఆజ్ఞను పాలించాడు. ప్రేక్షకులు తృప్తిపడ్డారు. ఆ అమ్మాయి ఊహ నిజమయింది. ప్రశ్న ముగిసింది.

నా అభ్యంతరం ఇక్కడ మొదలవుతుంది. ‘కట్టప్ప ఎందుకు చంపాడు’ అని దేశమంతా అడిగింది. ‘కట్టప్ప ఎందుకు బానిస’ అని అడిగినవారు బహుతక్కువ. నిజానికి మొదటి ప్రశ్నకు సమాధానం రెండవ ప్రశ్నలోనే ఉంది. అతడు బానిస గనుకనే చంపాడు. మొదటి భాగంలోనే అస్లాంఖాన్ అనే పరదేశీయుడు వచ్చి, నీకు స్వేచ్ఛ కొనిపెడతానంటే, పూర్వీకులిచ్చిన మాట అని కట్టప్ప నిరాకరిస్తాడు. ఆ ఘట్టాన్ని సినిమా గొప్ప విశ్వాసంగా చూపించింది, చూసినవారు చప్పట్లు కొట్టారు. హత్యకు కారణం అప్పుడే మన కళ్ళెదుట ఉంది. చప్పట్ల మధ్య మనకది కనిపించలేదు.

శివుడి సంగతి కూడా ఇంతే. జలపాతం అడుగున కొండవాళ్ళ మధ్య, సంగ అనే తల్లి చేతుల్లో పెరిగినవాడు అతడు. ఆ జలపాతాన్ని ఎక్కినది అతని కండబలం, పట్టుదల. కాని పైకెక్కిన తర్వాత తెలిసేదేమిటి? అతడు రాజరక్తం. కట్టప్ప ఆ పాదాన్ని నెత్తిన పెట్టుకుంటాడు. తోటరాముడు నుంచి శివుడి దాకా అరవైనాలుగేళ్ళలో మన మాయాకథ ముందుకు నడిచిందా, వెనక్కు నడిచిందా అని అడగవలసి ఉంది. ఈ కథలో ప్రతిమ లేదు, మంత్రదండం లేదు. మంత్రశక్తి అంతా రక్తంలోకి చేరింది. ప్రతిమ చేతులు మారుతుంది, రక్తం చేతులు మారదు. ఇక శత్రువులైన కాలకేయులకు నల్లని మేను, అర్థంకాని భాష ఇచ్చారు. ఆ భాషకు కిలికి అని పేరుపెట్టి, కూర్చిన మదన్ కార్కి శ్రమను చాలామంది మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కాని ఆ భాష మాట్లాడేవారికి తమ కథ చెప్పుకునే అవకాశం ఎందుకు రాలేదన్నది కూడా ఆలోచించాలి.

కథను కథగా చూడాలి గాని ఇంత బరువు మోపుతారా అని కొందరు మిత్రులంటారు. నేను మోపుతున్నది కథ తనలో దాచుకున్న బరువునే. దానికి సాక్ష్యం ఆ కథాలోకంలోనే ఉంది. రెండవ భాగానికి కొద్దివారాల ముందు, 2017 మార్చిలో, ఆనంద్ నీలకంఠన్ ఇంగ్లీషులో వ్రాసిన పూర్వకథా నవల వెలువడింది. శివగామి యౌవనకాలపు మాహిష్మతి అందులో ఉంది. కట్టప్పకు ఆ నవలలో శివప్ప అనే తమ్ముడున్నాడు. అన్న దాస్యాన్ని ధర్మమంటే, తమ్ముడు దాన్ని సంకెల అంటాడు. మాహిష్మతి ఆయుధాల మహిమకు మూలమైన రాళ్ళను గౌరీపర్వతం గనుల్లో తవ్వేది బానిసపిల్లలు. సినిమాలో ప్రేక్షకులు నోరు తెరుచుకుని చూసిన రాజ్యవైభవానికి పునాది అక్కడుందని రచయిత చెప్పాడు. నవలగా దానికి లోపాలున్నాయి, సంఘటనల రద్దీ ఎక్కువ. కాని మాయ వెనుక ఎవరి చెమట ఉన్నదన్న ప్రశ్న కథకు పరాయిది కాదని అది రుజువుచేసింది.

ఈ ప్రశ్న మన ప్రాంతానికి కూడా పరాయిది కాదు. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లోనే ‘శంబుకవధ’ వ్రాశాడు. రాముడు శంబుకుణ్ణి ఎలా చంపాడన్న దగ్గర ఆయన ఆగలేదు. ఎందుకు చంపవలసివచ్చింది, ఆ చంపడం ఎవరికి లాభం అని అడిగాడు. ఆయన కూడా ఒక కథను లోతుగా చదివి, అందులోని సాక్ష్యాలతోనే వాదించాడు. పద్ధతిలో ఆయనకూ నా తరగతిలోని విద్యార్థులకూ పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, కథ గీసిన గిరి దగ్గర వాళ్ళు ఆగారు, ఆయన ఆగలేదు.

కాబట్టి మాయాకథల అభిమానులను చూసి మనం ముక్కు విరవడం మానుకోవాలి. నిశితంగా చదవడం, ఆధారం అడగడం, పాత్రల మనసు తరచి చూడడం వాళ్ళకు వచ్చు. చందమామ 2010లలో ఆగిపోయినా, తోకచుక్కనూ రాకాసిలోయనూ ఇవాళ్టికీ పంక్తి పంక్తీ గుర్తుపెట్టుకుని వాదించుకునే పెద్దవాళ్ళున్నారు. ఇంత చదువరితనం చేతికందుతుంటే, దాన్ని అజ్ఞానమని పేరుపెట్టి వదులుకున్నది విమర్శకులమే. అలాగని వాళ్ళ ఊహలన్నిటినీ పొగిడి ఊరుకోవడం కూడా మన పని కాదు. కథ అడగమన్న ప్రశ్నను మాత్రమే అడిగేవాడు కథకుడి చేతిలో ఉన్నట్టే లెక్క. మాంత్రికుడి ప్రాణం ఏ చిలకలో ఉన్నదని పాఠకుడు అడుగుతున్నాడు. ఆ చిలకకు ఇన్నేళ్ళుగా మేత వేసినవారెవరు, వారికి కూలి ముట్టిందా అని కూడా అడిగించడం విమర్శ బాధ్యత. ఆ పని వేదికలెక్కి ఖండించడం వల్ల కాదు, వాళ్ళ పక్కన కూర్చుని, అదే కథను వాళ్ళంత ఇష్టంగా చదవడం వల్లనే సాధ్యపడుతుంది.