జాండర్ దాచిన కబురు

“దయ్యాల సీరియల్ మీద ఇంత రాద్ధాంతమా!” అన్నారు మొన్న మా ఇంటికొచ్చిన పెద్దమనిషి ఒకరు. లోపల గదిలో మా అమ్మాయీ, దాని స్నేహితురాళ్లిద్దరూ గొంతులు చించుకుంటున్నారు. ఆయన మాటకి నాకు ఒళ్లు మండింది. కథల్లో పాత్రల గురించి పోట్లాడుకోవడం పనిలేనివాళ్ల పని కాదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకి తెలుసు. కావలసినవాళ్ల మీద తీర్పు చెప్తే బంధుత్వాలు చెడతాయి. పాత్రల మీదైతే ఎన్నిసార్లయినా చెప్పొచ్చు, మార్చుకోవచ్చు కూడా.

ఆ రాద్ధాంతం ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ గురించి. 1997 నుంచి 2003 దాకా అమెరికాలో ఏడు సీజన్లు నడిచిన సీరియల్. చూడనివాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను. బఫీ రక్తపిశాచాల్ని వేటాడే హైస్కూలు పిల్ల. ఆమె ప్రేమించిన ఏంజెల్ కూడా రక్తపిశాచే. కాకపోతే ఒక శాపంవల్ల ఆత్మ తిరిగొచ్చి, చేసిన పాపాలకి కుమిలిపోతూ ఉంటాడు. నిండు సుఖం ఒక్క క్షణం దక్కినా ఆ ఆత్మ పోతుందన్నది శాపంలో మెలిక. బఫీ ప్రేమతోనే అది పోయింది. పాత క్రూరుడు మేలుకుని టీచరు జెన్నీని చంపాడు, చివరికి లోకాన్నే నరకంలోకి ఈడ్చబోయాడు.

ఇక రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్. 1998 మే 19న వచ్చింది. ఆసుపత్రి మంచం మీదున్న బఫీ స్నేహితురాలు విల్లో, ఏంజెల్‌కి ఆత్మను రప్పించే మంత్రం మళ్లీ వేయబోతున్నానని బఫీకి చెప్పమని వాళ్ల స్నేహితుడు జాండర్‌ని పంపుతుంది. జాండర్ వెళ్లాడు. మంత్రం సంగతి మింగేశాడు. వాణ్ణి చితక్కొట్టమని విల్లో చెప్పిందన్నాడు. బఫీ పోరాడి, ఆఖరి దెబ్బ వేయబోయే వేళకి మంత్రం ఫలించింది. కానీ అంతలోనే నరకద్వారం తెరుచుకుంది. అది మూసుకోవాలంటే ఏంజెల్ రక్తం చిందాలి. ఏం జరిగిందో తెలియక బిత్తరపోయి చూస్తున్నవాణ్ణి ముద్దుపెట్టుకుని, కళ్లు మూసుకోమని, కత్తి దించేసింది.

జాండర్ చేసింది తప్పా, ఒప్పా అన్నది అభిమానుల మధ్య ఇప్పటికీ తెగని పేచీ. మా అమ్మాయి జాండర్ పక్షం. ఆశ ఉంటే బఫీ చెయ్యి ఆగేదని దాని వాదన. తెలిసుంటే ద్వారం తెరుచుకోకముందే ఎలాగోలా వాణ్ణి ఆపి కాలయాపన చేసేది, చంపే పనే ఉండేది కాదని ఒక స్నేహితురాలు. జాండర్‌కి బఫీ అంటే ఇష్టం, ఏంజెల్ అంటే మొదట్నుంచీ మంట. లోకం కోసం దాచాడో కడుపుమంటతో దాచాడో ఎవరు చూడొచ్చారని రెండో పిల్ల.

తీర్పు చెప్పమని నన్ను పిలిచారు. నా సూత్రం మీకు తెలిసిందే: ఆ క్షణానికి పాత్రకి ఏం తెలుసో, అంతవరకే తూచాలి. మంత్రం ఫలిస్తుందో లేదో జాండర్‌కి తెలీదు, ముంచుకొస్తున్నది ప్రళయం. వదిలెయ్యమన్నాను. సాక్ష్యానికి ధర్మరాజుని కూడా తెచ్చాను. చచ్చింది ఏనుగన్న మాట వినపడకుండా పలికి ద్రోణుడి చేత అస్త్రం వదిలించలేదా?

“ధర్మరాజు అబద్ధం అవతలి పక్షంతో ఆడాడు కదా ఆంటీ. జాండర్ సొంత మనిషితో ఆడాడు” అంది ఆ రెండో పిల్ల.

అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వేసవి రాత్రుళ్లు రామాలయం అరుగు మీద శాస్త్రిగారు తిక్కన భారతం చదివి అర్థం చెప్పేవారు. కర్ణుడు కూలిన మర్నాడు నూతి దగ్గర మరో యుద్ధం జరిగింది. అమ్మమ్మ కుంతినీ కృష్ణుణ్ణీ కలిపి దులిపేసింది. కర్ణుడు అన్నయ్యని తెలిసి కూడా పాండవులకి చెప్పకుండా ఉంటారా అని. ఎదురింటి పిన్నిగారు ఒప్పుకోలేదు. “చెప్తే ధర్మరాజు రాజ్యం అన్న చేతిలో పెట్టేవాడు, ఆ అన్న పట్టుకెళ్లి దుర్యోధనుడికి ధారపోసేవాడు. పైగా చెప్పొద్దని కర్ణుడే కృష్ణుణ్ణి అడిగాడాయె!” అంది. అన్నీ నిజాలే. అమ్మమ్మ చేద పక్కన పెట్టి, “అడిగితే అడిగాడమ్మా. ఎవర్ని చంపుతున్నాడో చంపేవాడికి తెలియక్కర్లేదూ?” అంది. కొన్నాళ్లపాటు ఇద్దరికీ మాటల్లేవు.

జాండర్‌కి సరిపడే కథ ఏనుగుది కాదు, కర్ణుడిది. అక్కడైనా దాచమని కోరినవాడు చావబోయేవాడే. ఇక్కడ ఎవరూ కోరలేదు, చెప్పమని పంపితేనే దాచాడు. తర్పణాల వేళ కుంతి నోరు విప్పితే ధర్మరాజు ఆడజాతిని మొత్తం శపించాడు. శాపం అన్యాయమే. అయినా ఆయనకి కోప్పడే వీలు దొరికింది. బఫీకి అదీ లేదు. 2002లో వచ్చిన ‘సెల్ఫ్‌లెస్’ ఎపిసోడ్‌లో, అన్యా అనే మరో పాత్రని చంపాలా వద్దా అన్న గొడవ మధ్య బఫీ ఆ చితక్కొట్టమన్న మాట ఎత్తుతుంది. నేనలా అనలేదే అంటుంది విల్లో. అంతే, సంభాషణ దాటిపోతుంది. జాండర్ సంజాయిషీ చెప్పుకోడు.

ఇన్నాళ్లూ మీ మీద రుద్దిన నా సూత్రానికి కంత ఎక్కడుందో ఇప్పుడు కనిపిస్తోంది. ఆ క్షణానికి బఫీకి ఏం తెలియాలో నిర్ణయించింది జాండర్. తెలిసినంతవరకే తూచాలంటే, తెలియనివ్వనివాడి లెక్క వేరే తేల్చాలి. ఆ లెక్కలో జాండర్ తప్పించుకోలేడు. తెలిస్తే ఆమె చెయ్యి ఆగుతుందని కదా అతని భయం? ఆఖరికి ఎదురుగా ఉన్నది తన ఏంజెలేనని పూర్తిగా తెలిసే బఫీ కత్తి దించింది. ఆమె మీద నమ్మకం లేనిది జాండర్‌కే.

తీర్పు మార్చేశానని చెప్తే మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. మరుసటి సీజన్లు చూపించి అప్పీలు చేస్తుందట. చేయనీండి.