హంటర్‌లో బుల్లెట్ లక్షణం

రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350ని పక్కనుంచి చూస్తే బుల్లెట్ వంశపు బండి అనిపించదు. పొట్టిగా, బిగువుగా ఉంటుంది. క్లాసిక్ 350కి ముందు 19, వెనక 18 అంగుళాల చక్రాలుంటే దీనికి రెండూ 17 అంగుళాలే. క్లాసిక్ 195 కిలోలు తూగితే హంటర్ మెట్రో రకం 181 కిలోలే. పాతదనమంటే గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు లాంటి ట్యాంకు, అంతే.

అసలు పాతదనం ఇంజన్‌లో ఉంది. సిలిండర్ వెడల్పు 72 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 85.8. ఇంత పొడుగు స్ట్రోకున్న ఇంజన్‌ని మరీ వేగంగా తిప్పకూడదు. అందుకే తక్కువ చుట్లలోనే బలం అందేలా దాన్ని తీర్చిదిద్దుతారు. నిమిషానికి 4000 చుట్ల దగ్గరే 27 న్యూటన్ మీటర్ల టార్క్ వచ్చేస్తుంది. 1955లో మద్రాసులో బుల్లెట్ల బిగింపు మొదలైన నాటి నుంచీ ఇదే పద్ధతి. పాత బుల్లెట్‌లో ఆ కొలతలు 70, 90.

ఆ రోజుల్లో బండి స్టార్ట్ చేయడమే ఒక విద్య. అమ్మీటరు ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్ మెల్లగా తొక్కాలి. డీకంప్రెషన్ లివర్ నొక్కి పిస్టన్‌ని కాస్త దాటించి, అప్పుడు నిండుగా ఒక్క కిక్ కొట్టాలి. తొందరపడితే కిక్ ఎదురుతన్నేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. హంటర్‌కి ఇవేవీ అక్కర్లేదు, బటన్ నొక్కితే చాలు. లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది కాబట్టి చేతులు తిమ్మిరెక్కవు. ఈ మార్పులన్నీ నాకు నచ్చాయి. కష్టపెడితేనే గొప్ప బండి అనే వాదనను నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

హంటర్ గుణం తెలియాలంటే చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద నడపాలి. ముందు పత్తి ట్రాక్టరు, ఎదురుగా బస్సు. నలభైకి తగ్గి, నాలుగో గేరులోనే ఉండి చూడాలి. దారి దొరకగానే యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ కొట్టుకోదు, గేరు దించమనదు. ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తూ ముందుకు లాగుతుంది. ఇరవై హార్స్‌పవరే కదా అని చిన్నచూపు చూసేవాళ్లు ఈ ఒక్క ఓవర్‌టేక్ చేసి చూడాలి. హైవే మీద వందకు పైన గంటలకొద్దీ పరిగెత్తాలనుకుంటే మాత్రం ఇది మీ బండి కాదు.

2022లో వచ్చిన బండికి వెనక సస్పెన్షన్ గట్టిగా ఉందని చాలామంది అన్నారు. 2025లో కంపెనీ ఆ స్ప్రింగులు మార్చింది, క్లచ్ కూడా తేలిక చేసింది. అందుకని సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఏ ఏడాది బండో ముందు అడగాలి, గతుకుల రోడ్డు మీద ఒకసారి నడిపి చూడాలి.

విడుదలైనప్పుడు రెట్రో రకం షోరూం ధర లక్షా యాభై వేలకు కాస్త తక్కువ. దానికి వెనక డ్రమ్ బ్రేకు, ముందు చక్రానికి మాత్రమే ఏబీఎస్. వానాకాలంలోనూ రోజూ ఆఫీసుకు తిరిగేవాళ్లు ఇంకొంచెం పెట్టి, రెండు చక్రాలకూ డిస్కు, ఏబీఎస్ ఉన్న మెట్రో తీసుకోవడం మేలు.