పాత బంగారంతో చేతి నగ

బంగారం తుప్పు పట్టదు. ఎన్నిసార్లు కరిగించినా, శుద్ధి చేస్తే మళ్లీ మేలిమిగానే తేలుతుంది. నాయనమ్మ కాసులపేరు కోడలికి గాజులవడం, ఆ గాజులు మనవరాలి పెళ్లికి హారంగా మారడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న పని. పర్యావరణం కోసమని ఎవరూ దాన్ని మొదలుపెట్టలేదు. ప్రపంచ నగల వ్యాపారం ఇవాళ ‘రీసైకిల్డ్ గోల్డ్’ అని గొప్పగా చెప్పుకునేది దాదాపు ఇదే. ఏటా ప్రపంచ మార్కెట్‌కు వచ్చే బంగారంలో సుమారు పావు వంతు పాత సరుకు కరిగించగా వచ్చిందే. భారతీయుల ఇళ్లలో 25,000 టన్నుల దాకా ఉంటుందని ప్రపంచ స్వర్ణ మండలి అంచనా. బాధ్యతగా నగ చేయాలనుకునే స్వర్ణకారుడికి అన్నిటికన్నా దగ్గరి గని ఇంటి బీరువాయే.

కొత్త బంగారానికి అయ్యే ఖర్చు రూపాయల్లో మాత్రమే ఉండదు. టన్ను రాయిని పిండి చేస్తే చాలా గనుల్లో దక్కేది కొద్ది గ్రాములే. పెద్ద గనులు ఆ పిండిలోని బంగారాన్ని సైనైడు ద్రావణంతో లాగుతాయి, పిప్పి గుట్టలుగా మిగులుతుంది. కోలారు గనులు 2001లో మూతపడ్డా ఆ గుట్టలు ఊరి పక్కనే ఉన్నాయి. చిన్న తరహా తవ్వకాల్లో సైనైడుకు బదులు పాదరసం వాడతారు. అది బంగారు రేణువులను పట్టుకుని ముద్దవుతుంది. ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరిని ముందుగా పీల్చేది కాల్చే మనిషి, పక్కనున్న అతని పిల్లలు. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే పాదరసంలో అతి పెద్ద వాటా ఈ తవ్వకాలదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది. దీన్ని తగ్గించడానికి 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం 2017 నుంచి అమల్లో ఉంది.

పాత నగ చేతికొచ్చాక మొదటి పని వన్నె చూడటం. నల్లటి గీటురాయి మీద నగతో ఒక గీత, వన్నె తెలిసిన సూదితో పక్కనే ఇంకో గీత గీసి, రెండింటికీ ఆమ్లం తాకిస్తారు. వన్నె తక్కువ గీత ముందు మాసిపోతుంది. ఎక్స్‌రే యంత్రం అంకెలు చూపిస్తుంది కానీ అది చదివేది పైపొరనే, అందువల్ల కరిగించిన ముద్దను మళ్లీ పరీక్షించడం తప్పదు. 22 క్యారెట్ల గొలుసు కరిగించాక ఒకటి రెండు పాళ్లు దిగిందంటే అమ్మినవాడు మోసం చేశాడని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అది మోసం కాదు. గొలుసులో ప్రతి వలయానికీ ఒక అతుకు ఉంటుంది, అతుకు పెట్టే టంకం తక్కువ వేడికే కరగాలి గనుక దాని వన్నె తక్కువగా ఉండేది. ఆ టంకమంతా ముద్దలో కలుస్తుంది.

దిగిన వన్నెను పైకి తేవాలంటే శుద్ధి చేయాలి. ఇందులో వింత ఏమిటంటే, బంగారాన్ని శుభ్రం చేయడానికి ముందు దానికి రెండు మూడు రెట్ల వెండి కలుపుతారు. బంగారం పాలు ఎక్కువగా ఉంటే నత్రికామ్లం లోపలికి చొరబడలేదు. వెండి ఎక్కువైతే ఆమ్లం వెండినీ రాగినీ కరిగించుకుపోతుంది, అడుగున గోధుమరంగు పొడి మిగులుతుంది. కడిగి, వెలిగారం వేసి మూసలో కరిగిస్తే ఆ పొడే పచ్చటి మేలిమి. వడకట్టిన ద్రావణంలో రాగిరేకు వేస్తే వెండి బూడిదరంగు పొడిగా దిగివస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. చివరికి నీలిరంగు రాగి నీళ్లు మిగులుతాయి. చిన్న దుకాణాల్లో అవి కాలవలోకి పోతాయి, ఆమ్లం నుంచి లేచే ఎర్రటి పొగ వీధిలోకి పోతుంది. పాత బంగారం వాడినంత మాత్రాన నగ మచ్చలేనిదైపోదు. పొగను క్షారపు నీళ్లలోంచి పంపి కడిగే ఏర్పాటు, రాగి నీళ్లను విరిచే తొట్టె ఉన్న చోట శుద్ధి చేయిస్తేనే ఆ మాటకు విలువ.

శుద్ధయిన బంగారం మరీ మెత్తన. వెయ్యికి 916 పాళ్లు బంగారం ఉండేలా రాగి, వెండి కలిపితే 22 క్యారెట్లవుతుంది. రాగి పాలు పెరిగితే ఎరుపు, వెండి పాలు పెరిగితే లేత పసుపు. కడ్డీగా పోసి, దాగలి మీద సుత్తితో సాగగొట్టి, కొన మొనదేల్చి కమ్మచ్చులో దూరుస్తారు. ఒకదాని కన్నా ఒకటి సన్నంగా వరసగా రంధ్రాలున్న ఉక్కు పలక అది. పటకారుతో పట్టి లాగిన ప్రతిసారీ తీగ సన్నబడుతుంది, గట్టిపడుతుంది కూడా. కొన్ని రంధ్రాలు దాటగానే ఎర్రగా కాల్చి మెత్తబరచకపోతే తెగుతుంది. తీగను చిన్న ముక్కలుగా కత్తిరించి బొగ్గు మీద కాలిస్తే ప్రతి ముక్కా తనంతట తానే గుండ్రటి రవ అవుతుంది. బుట్టకమ్మల అంచున కనిపించే రవలు ఇలా పుట్టినవే. లక్ష్మీదేవి బొమ్మలాంటి నకాషీ పనికి రేకును లక్క మీద పరచి, వెనక నుంచి ఉబ్బించి, ముందు నుంచి సన్న ఉలులతో ముఖం, మడతలు దిద్దుతారు.

ఆకురాయి ఆడినచోటల్లా రజను రాలుతుంది. బల్ల కింద తోలో గుడ్డో పరిచి దాన్ని పడతారు. నేల ఊడ్చిన మట్టినీ చేతులు కడిగిన నీళ్లనూ కూడా దాచి, కడిగి బంగారం తీసేవాళ్లకు అమ్ముతారు. పిసినారితనంగా కనిపించే ఈ అలవాటే చేతిపనిలో లోహం వృథా కాకుండా కాపాడింది.

అతుకుల దగ్గర మాత్రం సంప్రదాయాన్ని గుడ్డిగా మెచ్చుకోలేం. బంగారానికి కాడ్మియం కలిపిన టంకం కొన్ని దశాబ్దాల పాటు రాజ్యమేలింది. అది తక్కువ వేడికే కరిగి, నగ వన్నె దించకుండా చక్కగా పారుతుంది. దాన్నే ‘కేడీఎం’ అన్నారు, కొనేవాళ్లు ఆ మూడక్షరాలను స్వచ్ఛతకు ముద్ర అనుకున్నారు. కాడ్మియం 767 డిగ్రీల దగ్గర మరుగుతుంది, టంకం పెట్టే మంట వేడి అంతకన్నా చాలా ఎక్కువ. ఊదుగొట్టం నోట పెట్టుకుని మంట మీదకు వంగిన పనివాడి ఊపిరితిత్తుల్లోకీ, అక్కణ్నుంచి మూత్రపిండాల్లోకీ ఆ ఆవిరి చేరుతుంది. కొన్న మనిషికి నగలో కనిపించేది మెరుపే, హాని పడేది చేసినవాడు. జింకు, ఇండియం లాంటి లోహాలతో చేసిన టంకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి పారే తీరు కాస్త వేరు, చేయి అలవాటు పడాలి, అంతే.

టంకపు మంట అవసరమే లేని కూర్పు కుందనపు పని. నగ చట్రంలోని గుంటలను ముందు లక్కతో నింపుతారు. మోదుగ, రేగు వంటి చెట్ల మీద బతికే చిన్న పురుగుల నుంచి వచ్చే లక్క ఏటా పండే సరుకు, చెట్టు నరకక్కర్లేదు. లక్కను వేడి చేసి రాయిని అందులో కూర్చోబెడతారు. రాయి అడుగున తళుకు రేకు పెడితే వెలుగు తిరిగి పైకి వస్తుంది. తర్వాత మేలిమి బంగారాన్ని కాగితం కన్నా పలచగా కొట్టి, సన్న పట్టీలుగా కోసి, రాయికీ గుంట గోడకీ మధ్య ఇనుప కలంతో కూరుతారు. పట్టీ మీద పట్టీ, దాని మీద ఇంకొకటి. మేలిమికి ఒక గుణముంది: రెండు శుభ్రమైన పొరలను గట్టిగా నొక్కితే చల్లగా ఉండగానే ఒక్కటైపోతాయి. రాగి కలిసిన 22 క్యారెట్లతో ఇది సాధ్యం కాదు. ఒత్తిడి ఎక్కువైతే రాయి చిట్లుతుంది, తక్కువైతే పొరలు విడిపోతాయి. ఆ మోతాదు వేళ్లకే తెలుస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. లక్కను మెల్లగా కాచి, కుందనం విప్పితే రాళ్లు చెక్కుచెదరకుండా ఊడివస్తాయి, బంగారం బంగారంగా దక్కుతుంది. విప్పి మళ్లీ కట్టుకోవడానికి ఇంత వీలున్న కూర్పు యంత్రపు నగల్లో అరుదు.

రాళ్ల విషయంలో చిక్కులు ఎక్కువ. 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడ ఆడా మగా పిల్లలూ కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. గోల్కొండ వజ్రాల కథలు చెప్పేవాళ్లు ఆ కూలీలను తలవడం తక్కువ. ఇవాళ కూడా వజ్రకరూరు, తుగ్గలి చేలల్లో తొలకరి వానలకు రాళ్లు వెతికేవాళ్లకు ఏదైనా దొరికితే, ధర చెప్పేది కొనే వ్యాపారే. 2003లో మొదలైన కింబర్లీ ప్రక్రియ ముడి వజ్రాలకే వర్తిస్తుంది. తిరుగుబాటు సేనలకు డబ్బు చేరకూడదన్నదే దాని పరిధి. గనిలో కూలి ఎంత, సానపట్టే గదిలో దుమ్ము ఎంత అని అది అడగదు. ఖంభాత్‌లో అకీకు రాళ్లు సానపట్టేవాళ్లు ఆ దుమ్ము వల్లే సిలికోసిస్ బారిన పడ్డారు. ప్రయోగశాల వజ్రానికి గని అక్కర్లేదు, కరెంటు మాత్రం విపరీతంగా కావాలి. అది బొగ్గు కరెంటైతే లెక్క మారిపోతుంది. వీటన్నిటి కన్నా నిక్కచ్చిగా పుట్టుక తెలిసినవి ఇంట్లోని పాత నగ నుంచి విప్పిన కెంపులే.

తక్కువ లోహం, ఎక్కువ పని అన్న దానికి మంచి ఉదాహరణ కరీంనగర్ వెండి తీగపని. ఎలగందుల నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సన్నటి తీగలు రెండింటిని పురిపెట్టి చదును చేస్తే అంచున పళ్ల వరస తేలుతుంది. మందపాటి తీగతో చట్రం కట్టి, దాని లోపల ఈ పురితీగను జిలేబీ చుట్టల్లా చుట్టి ఇరికిస్తారు. వెలిగారం, టంకం పొడి చల్లి మంట పట్టేటప్పుడు చట్రం ఇంకా వేడెక్కకముందే లోపలి తీగ కరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే మంటను చట్రం మీదే తిప్పుతూ, తీగ మీదకు క్షణకాలం మాత్రం పోనిస్తారు. అరచేయంత పతకంలో వెండి కొద్ది, పని రోజుల తరబడి.

గిరాకీకి ఇక్కడే గండి పడుతుంది. తెలుగువాళ్లు నగను తులాల్లో కొంటారు. మజూరి ఎక్కువంటే బేరమాడతారు, తరుగు పేరుతో శాతం వేస్తే ఒప్పుకుంటారు. బంగారం ధర పెరిగినప్పుడల్లా ఆ శాతం తెచ్చే డబ్బు పెరుగుతుంది, దాంతోపాటే పనివాడి కూలి పెరుగుతుందన్న హామీ లేదు. తరుగు వేరు, కూలి వేరుగా బిల్లులో రాయడం చిన్న మార్పే, కానీ అది లేకుండా నైతిక నగ అన్న మాట సగమే.

2021 జూన్ నుంచి దేశంలో దశలవారీగా తప్పనిసరి అవుతున్న హాల్‌మార్కు, దానిలోని ఆరక్షరాల గుర్తింపు సంఖ్య వన్నెకు పూచీ పడతాయి. బంగారం ఎక్కణ్నుంచి వచ్చిందో అవి చెప్పవు. పాత బంగారం చాలనప్పుడు, చిన్న గనుల కార్మికులకు అదనపు ధర ఇచ్చే ఫెయిర్‌మైన్డ్, ఫెయిర్‌ట్రేడ్ బంగారం ఒక దారి. అయితే దాన్ని వేరే మూసలో కరిగించి, దాని రజను వేరుగా పట్టకపోతే మామూలు బంగారంలో కలిసిపోయి ముద్రకు అర్థం ఉండదు. ఇంటి బంగారమైతే చేయించుకునేవాళ్లు తమ ఎదుటే కరిగింపజేసి, ముందూ వెనకా తూకం రాయించుకోవచ్చు. ఆ చీటీలో నికర బంగారం, లక్క తూకం, రాళ్ల లెక్క, వాడిన టంకం, మజూరి విడివిడిగా ఉండాలి. మార్చేటప్పుడో అమ్మేటప్పుడో ఎక్కువ కోత పడేది లక్క తూకం రాయించుకోని కుందనపు నగకే.