నిండకముందే పలికే నియమం

సర్వర్‌లో డిస్క్ నిండిపోతే డేటాబేస్ రాయలేక ఆగిపోతుంది. ఏం జరిగిందో రాసిపెట్టాల్సిన లాగ్‌కూ చోటుండదు. అందుకే హెచ్చరిక ముందే రావాలి. చాలామంది వేళకు పనులు నడిపే క్రాన్‌లో చిన్న స్క్రిప్టు పెడతారు: డీఎఫ్ కమాండ్ చూపే వాడకం 90 శాతం దాటితే మెయిల్. ఏమీ లేనిదానికన్నా నయమే. అయితే మిగిలిన 10 శాతం 20 జీబీ డిస్క్‌లో 2 జీబీ, 4 టీబీ డిస్క్‌లో 400 జీబీ. ఆ రెండింటికీ ఒకే కేక పెడితే ఏది నిజంగా ఆపదో ఎలా తెలుస్తుంది?

2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైన ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ వ్యవస్థ కోసం, దానికి సర్వర్ కొలతలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ సోర్స్‌లోనే కొన్ని హెచ్చరిక నియమాలు రాసిపెట్టి ఉన్నాయి. వాటిలో 'ఫైల్‌సిస్టమ్ స్పేస్ ఫిల్లింగ్ అప్' నియమాన్ని పదం పదం చదవాలి. డబ్బాలో బియ్యం చూసి ఇంకెన్ని పూటలకొస్తాయో చెప్పే ఇల్లాలి లెక్క అది. గత 6 గంటల్లో ఖాళీ తగ్గిన తీరుకు ప్రిడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఒక సరళరేఖ గీస్తుంది. అదే వాలులో పోతే 24 గంటల్లో సున్నా దాటుతుందా అని చూస్తుంది. 4 గంటల్లోనే దాటేట్టుంటే హెచ్చరిక తీవ్రమవుతుంది.

జోస్యం ఒక్కటే అయితే పెద్ద ఫైలు కాపీ చేసిన ప్రతిసారీ గగ్గోలు పెట్టేది. అందుకే ఖాళీ 40 శాతం లోపు ఉండాలని (తీవ్ర హెచ్చరికకు 20) ఒక షరతు. రాయడానికి వీల్లేని, చదవడానికే ఉన్న ఫైల్‌సిస్టమ్ కాకూడదని ఇంకొకటి. ఇవన్నీ గంటసేపు నిలిస్తేనే మోగాలన్నది చివరిది. ఒక్కో షరతు వెనుక ఎవరికో చెడిన ఒక నిద్ర ఉండి ఉంటుందనిపిస్తుంది నాకు.

కొలిచే అంకె ఎంపిక కూడా ముచ్చటైనదే. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ కోసం పక్కన పెడుతుంది. ఆ చోటునూ కలుపుకున్న 'ఫ్రీ'ని కాకుండా, మామూలు ప్రోగ్రాములకు నిజంగా దక్కే 'అవైలబుల్'ని ఈ నియమం తీసుకుంటుంది.

సరళరేఖకు అందనివి ఉంటాయి. అర్ధరాత్రి బ్యాకప్ అరగంటలో డిస్క్ మింగేస్తే 6 గంటల వాలు ఆ వేగాన్ని పట్టలేదు. రాసినవాళ్లకది తెలుసు. అందుకే ఖాళీ 5 శాతం, 3 శాతం లోపుకి పడిపోతే మోగే పాతకాలపు నియమాలనూ పక్కనే ఉంచారు. ఫైలుకొకటి చొప్పున కావాల్సిన ఐనోడ్‌లు అయిపోవడానికి వేరే నియమాలున్నాయి: చోటు ఉన్నా కొత్త ఫైలు పుట్టని స్థితి అది.

నాకు అన్నిటికన్నా నచ్చింది షరతుల వరుస. ప్రొమీథియస్ భాషలో 'అండ్'తో కలిపినప్పుడు ఎడమవైపు విలువే మిగులుతుంది. ఖాళీ శాతాన్ని ముందు రాయడం వల్ల, నిద్రలేచి ఫోన్ చూసిన మనిషికి ఏ సర్వర్, ఏ డిస్క్ అన్నదాంతోపాటు ఇంకెంత శాతం మిగిలిందో సందేశంలోనే కనిపిస్తుంది.