ఓడ సిద్ధంగా ఉందట

సెయింట్ కొలంబానస్ జీవితచరిత్ర రాసిన జోనాస్ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఈ ఐరిష్ సన్యాసి ఇప్పటి ఫ్రాన్స్‌లో లుక్సోయ్, ఇటలీలో బోబ్బియో మఠాలు పెట్టి 615లో పోయాడు. జోనాస్ బోబ్బియోలో చేరింది ఆ తర్వాతే. పుస్తకం చదువుతుంటే ఆ దూరం తెలుస్తూనే ఉంటుంది.

రాజు థ్యూడెరిక్‌తో చెడి, 610లో కొలంబానస్‌ని నాంత్ రేవు నుంచి ఐర్లండ్‌కి పంపేయబోయారు. జోనాస్ కథనంలో పెద్ద అల ఒకటి ఓడని ఒడ్డుకి తోసేస్తుంది. మూడు రోజులు కదలదు. దైవసంకల్పం, సరే.

అదే రేవులో కొలంబానస్ తన శిష్యులకి ఒక ఉత్తరం రాశాడు. రాస్తూండగానే ఓడ సిద్ధమని కబురొస్తుంది. పారిపోతే ఆపడానికి కాపలా కూడా లేదనీ, తను పారిపోవాలనే వీళ్ళ కోరికలా ఉందనీ రాస్తాడు. అల లేదు, అద్భుతం లేదు. నేనక్కడ చదవడం ఆపేసి కాసేపలా కూర్చుండిపోయాను.

ఎందుకంటే ఈయనేం మెత్తటి మనిషి కాదు. ఆయన మఠంలో కీర్తన మొదట్లో దగ్గొచ్చి సరిగ్గా పాడకపోతే ఆరు దెబ్బలు! (మా కోడ్ రివ్యూలే నయం.) అలాంటివాడు, కన్నీళ్ళ ఉత్తరం రాద్దామనుకుని, మీరు ఏడుస్తారని మానుకున్నానంటాడు. తను లేకపోతే మఠం చీలిపోతుందేమోనని భయపడతాడు. ఈస్టర్ తేదీ మీద ఏకంగా పోప్ గ్రెగరీతోనే వాదించిన ఉత్తరమూ ఉంది. జోనాస్ ఆ గొడవ ఊసే ఎత్తడు.

నాంత్ ఉత్తరం ప్రధానంగా అట్టాలాకి రాసింది. తర్వాత బోబ్బియోలో జోనాస్ పనిచేసింది ఆ అట్టాలా దగ్గరే. ఆ రోజుల సంగతులు ఆయన నోట వినే ఉంటాడు. విని కూడా అలనే ఎంచుకున్నాడు.