పావు పీపాతో మొదలు

కూపర్టినోలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లకు ఊరికి పడమటి కొండలు రోజూ కళ్లబడేవే. ఆ కొండల మీదే రిడ్జ్ వైనరీ ఉంది. వైనరీల పుట్టుక గురించి ఎక్కడ చదివినా తాతల నాటి ఆస్తో, డబ్బున్నవాడి సరదానో తగులుతుంది. రిడ్జ్ పెట్టినవాళ్లకు మొదట్లో వైనరీ ఆలోచనే లేదు. అందుకే వాళ్లంటే నాకు ముచ్చట.

1959లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డేవ్ బెన్నియన్, మరి ముగ్గురు సహోద్యోగులు కలిసి అక్కడ నేల కొన్నారు. సెలవు రోజుల్లో పిల్లాపాపలతో గడపడానికట. (వాళ్లలో ఒకరైన చార్లీ రోజెన్ తర్వాత షేకీ అనే రోబోను తయారుచేసిన బృందానికి పెద్ద.) పాత యజమాని విలియం షార్ట్ పదేళ్ల కిందట వేయించిన కేబర్నే రకం ద్రాక్ష తీగలు కాపు మీదున్నాయి. పండు ఉంది కదా అని ఆ ఏడు పావు పీపా వైన్ చేసుకున్నారు. దివ్యంగా కుదిరింది. తర్వాతి రెండేళ్లూ అంతే. దాంతో 1962 పంటకు లైసెన్సు తెచ్చుకుని వైనరీ తెరిచారు. చాకిరీ మాత్రం శని, ఆదివారాల్లోనే, ఇంటిల్లిపాదీ.

బెన్నియన్ ఉద్యోగం వదిలింది 1967లో. అంత ఆలస్యం పిరికితనమని నేననుకోను. ల్యాబులో ప్రయోగం చెడితే సాయంత్రానికి ఇంకోటి మొదలెట్టొచ్చు. ద్రాక్ష ఏడాదికి ఒక్కసారే పండుతుంది, ఆవకాయ కాయలాగే. ఈసారి తప్పిందేమిటో తెలిసినా దిద్దుకోవాలంటే వచ్చే పంట దాకా ఆగాల్సిందే. అందులోనూ అది చల్లటి కొండ. పండులో పులుపు నిలుస్తుంది, కొత్త వైన్ నోటికి వగరుగా తగులుతుంది. బాగుందో లేదో చెప్పడానికి కూడా ఏళ్లు కావాలి. ఇలాంటి పనిలోకి జీతం రాళ్లు వదులుకుని మొదటి రోజే దూకేవాళ్లను సాహసవంతులని పొగుడుతుంటాం గానీ, నా ఓటు బెన్నియన్‌కే.

1969లో వచ్చి చేరిన పాల్ డ్రేపర్ చదివింది తత్వశాస్త్రం. బయటి ఈస్ట్ కలపకుండా, పండుతో వచ్చినదానితోనే పులియనిచ్చేవాడు. ఆయన చేసిన 1971 వైన్‌కు 1976 నాటి పారిస్ వైన్ పోటీలో ఐదో స్థానం దక్కింది. 2006లో అవే వైన్‌లను మళ్లీ రుచి చూసినప్పుడు మొదటి స్థానం దానిదే. అప్పటికి వైనరీ జపాన్ మందుల కంపెనీ ఒట్సుకా యజమాని చేతికి వెళ్లి ఇరవై ఏళ్లయింది.