ఒకే తామర దుంప, రెండు కుండలు

ముఖ్యమైన సరుకు చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. తామర దుంప, పంది పక్కటెముకలు, అల్లం ముక్క, నీళ్ళు. మూడు గంటల తర్వాత మూతలు తీస్తే ఒక కుండలో ఎర్రగా తేరిన పల్చటి చారు, రెండో కుండలో గులాబీ రంగు తిరిగిన చిక్కటి పులుసు. మొదటిది క్వాంగ్‌తుంగ్ రాష్ట్రంలోనూ హాంగ్‌కాంగ్‌లోనూ కాంటనీస్ మాట్లాడే ఇళ్ళది. రెండోది హూపే రాష్ట్రానిది, అందులోనూ వూహాన్ నగరానిది. క్వాంగ్‌చౌకీ వూహాన్‌కీ మధ్య దాదాపు వెయ్యి కిలోమీటర్లు. 2009 డిసెంబరులో వేగరైలు వచ్చాక అది నాలుగైదు గంటల ప్రయాణం. ఒక ఊళ్ళో పొద్దున్నే టిఫిను చేసి రెండో ఊళ్ళో మధ్యాహ్నం భోజనానికి కూర్చోవచ్చు. అక్కడ తామర దుంప సూపు అడిగితే మాత్రం, పేరు అదే అయినా, గిన్నెలో వచ్చేది వేరే పదార్థం.

నేను ఈ రెండూ వండుతాను. హాంగ్‌కాంగ్‌లో ఉంటున్న ఈ అయిదేళ్ళలో మొదటిది మా పక్క ఫ్లాటు పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. రెండోది వూహాన్‌లో పుట్టి పెరిగిన స్నేహితురాలు తన వంటింట్లో నిలబెట్టి నేర్పింది. ఏది రుచి అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేయగలను, చివర్లో చెబుతాను కూడా. అంతకంటే నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లోవాళ్ళ కోసం కుండ పొయ్యెక్కించినప్పుడు ఈ రెండు ఊళ్ళ ఇల్లాళ్ళు వాళ్ళకు ఏమి ఇవ్వాలనుకుంటున్నారు? ఆ జవాబులోనే తేడా అంతా ఉంది.

చైనా సూపు అనగానే మనకు మంచావ్, స్వీట్ కార్న్ గుర్తొస్తాయి. మొక్కజొన్న పిండితో చిక్కబరిచి, పైన వేయించిన నూడిల్స్ చల్లి ఇచ్చే మంచావ్ మన దేశంలోని చైనా హోటళ్ళలో పుట్టిన వంట. ఈ ఇంటి సూపుల్లో చెంచా పిండి కూడా కలపరు. చిక్కదనం ఎముకలోంచి రావాలి, లేదా దుంపలోంచి రావాలి. అలా చూస్తే ఇవి మన పాయాకి దగ్గరి చుట్టాలు, మసాలా లేకుండా.

దుంప దగ్గరే దారులు చీలతాయి. వూహాన్ బజారులో తామర దుంప కొనడం ఒక పరీక్ష. అడ్డంగా కోస్తే కనిపించే కన్నాలు లెక్కపెడతారు: ఏడు ఉంటే సూపుకి, తొమ్మిది ఉంటే వేపుడికి అని అక్కడి నమ్మకం. ఏడు కన్నాలది పొట్టిగా, లావుగా, తొక్క కాస్త గోధుమ రంగులో ఉంటుంది. ఉడికితే చిలగడదుంపలా పిండి పిండిగా విడిపోతుంది. తొమ్మిది కన్నాలది సన్నగా, తెల్లగా, కరకరలాడుతూ ఉంటుంది. శరదృతువులో చెరువు మీద ఆకులు ఎండిపోయేసరికి మొక్క తన పిండినంతా బురదలోని దుంపలోకి దింపేసుకుంటుంది కాబట్టి సూపు దుంపకు చలికాలమే కాలం. వెయ్యి సరస్సుల రాష్ట్రమని హూపేకు పేరు. ఆ చలిలో నడుంలోతు బురదలో దిగి, దుంప విరగకుండా చేత్తో తవ్వి తీస్తారు. 2012లో చైనా సెంట్రల్ టెలివిజన్ ప్రసారం చేసిన ‘ఎ బైట్ ఆఫ్ చైనా’ మొదటి భాగంలో హూపేలోని చ్యాయూ ప్రాంతపు కూలీలు ఆ పని చేయడం చూపించారు. అది చూశాక తామర దుంపను బేరమాడి కొనడానికి నాకు నోరు రాలేదు.

నేను మొదటిసారి వూహాన్ సూపు వండినప్పుడు ఈ కన్నాల లెక్క పట్టించుకోలేదు. తెల్లగా నిగనిగలాడుతున్న దుంప చూసి ముచ్చటపడి తెచ్చాను. మూడున్నర గంటలు ఉడికింది. ముక్క పచ్చి ముల్లంగిలా పంటి కింద కరకరమంటూనే ఉంది. నీళ్ళు రుచిగానే ఉన్నాయి, ఎముకల మాంసం వెన్నలా ఉంది. అయినా స్నేహితురాలు ఒక ముక్క కొరికి గిన్నె పక్కన పెట్టేసింది. “నీళ్ళు బావుంటే ఏం లాభం” అంది. అదే దుంపతో అదే రోజు కాంటనీస్ సూపు పెట్టి ఉంటే పక్కింటి పెద్దావిడ మెచ్చుకునేదే. ఆమె దుంపను ముక్కలు కూడా చేయదు. జానెడు కణుపులను కణుపులుగానే కుండలో వేస్తుంది, సూపు దించాక కావాలంటే కోస్తుంది. పాత ముదురు దుంప మంచిదని ఆమే అంటుంది గానీ, దానికోసం నాలుగు దుకాణాలు తిరగదు. కాంటనీస్ కుండలో దుంప నీళ్ళకు సేవ చేస్తుంది. వూహాన్ కుండలో నీళ్ళు దుంపకు సేవ చేస్తాయి.

సెగ దగ్గరా ఇదే తేడా. కాంటనీస్ వంటలో ఎముకలను ముందు చన్నీళ్ళలో వేసి ఒక పొంగు రానిచ్చి, తెట్టు కట్టిన ఆ నీళ్ళు పారబోసి, ముక్కలను కుళాయి కింద కడిగి, అప్పుడు కుండలో వేస్తారు. నూనె చుక్క తగలదు. మొదట ఇరవై నిమిషాలు పెద్ద మంట, తర్వాత సన్నని సెగ. మరగబెట్టే సూపుకి మూడు గంటలు, ఆవిరి మీద పెట్టేదానికి నాలుగు అని వంటింటి లెక్క. ఉప్పు చివర్లో, అదీ వేసీ వేయనట్టు. ఈ పద్ధతికి లౌ ఫొ తోంగ్ అని పేరు, అంటే చాలాసేపు మంట మీద కాగిన సూపు. ‘బౌ’ అన్న మాట వాళ్ళకు కుండ పేరూ అవుతుంది, అందులో మరగబెట్టే పని పేరూ అవుతుంది.

వూహాన్‌లో ఎముకలను మూకుడులో అల్లంతో వేయిస్తారు. నీరు ఇగిరి, అంచులు ఎర్రబడి, కొవ్వు కరిగి వాసన గది నిండేదాకా. చాలా ఇళ్ళలో ఉప్పూ అక్కడే పడిపోతుంది. తర్వాత వేడినీళ్ళు పోసి ద్యావ్‌జ అనే గరుకు మట్టి పాత్రలోకి మారుస్తారు. పాత రోజుల్లో దాన్ని బొగ్గు కుంపటి మీద పెట్టి పూటంతా వదిలేసేవారు. ఆ వండే తీరుకు వాళ్ళ మాట ‘వెయ్’. తెలుగులో దానికి సరైన పోలిక దాలి. పిడకల నిప్పు మీద పాలకుండ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొంగకుండా, ఆరకుండా కాగి, ఎర్రబడి మీగడ కడుతుంది చూడండి, సరిగ్గా ఆ సెగ. మట్టి పాత్రే ఎందుకంటే, తామర దుంపలోని వగరు పదార్థాలు ఇనుముతో కలిస్తే సూపు నల్లబడిపోతుంది. వేయించిన ఆ కొవ్వు కలిసిపోయి సూపు పాలలా చిక్కబడుతుంది, దుంప పిండి దానికి తోడవుతుంది. వేయించడం వల్ల వచ్చే ఆ లోతు కాంటనీస్ కుండలో రాదు.

ఆ లోటు వాళ్ళు ఆక్టోపస్‌తో పూడ్చుకుంటారు. ఎండబెట్టిన ఆక్టోపస్ అరచెయ్యంత ఉంటుంది, చెక్కలా బిగుసుకుపోయి, మీద తెల్లటి ఉప్పు పూతతో. పెద్దావిడ దాన్ని పట్టకారుతో మంట మీద అటూ ఇటూ తిప్పుతుంది. కాళ్ళు ముడుచుకుంటాయి, ఒక్కసారిగా ఎండు రొయ్యలు వేయించిన వాసన లేస్తుంది. కోస్తా ఇళ్ళలో వంకాయ కూరకు గుప్పెడు ఎండు రొయ్యలు ఏమి చేస్తాయో మనకు తెలుసు. ఆ పనే ఇక్కడ రెండున్నర లీటర్ల నీళ్ళకు ఒక్క ఆక్టోపస్ చేస్తుంది. నానబెట్టి, నాలుగు ముక్కలు చేసి వేస్తుంది. దానితోపాటు గుప్పెడు పల్లీలు, కొంచెం పెసలు, అయిదారు ఎర్ర ఖర్జూరాలు, రూపాయి బిళ్ళంత ఎండు కమలా తొక్క. ఎర్ర ఖర్జూరమని పేరే గానీ అది రేగు జాతి పండు. కమలా తొక్క షిన్‌హుయ్ ప్రాంతానిదైతే గొప్ప. మూడేళ్ళైనా నిలవ ఉంటే తప్ప దానికి పెద్దరికం రాదు. మూడు గంటలకు రెండున్నర లీటర్లు లీటరున్నర అవుతుంది. ఆ లీటరున్నరలో మాంసం తీపి, సముద్రపు ఉప్పదనం, పండు తీపి, తొక్క చేదు అన్నీ ఉంటాయి, ఏదీ విడిగా పట్టుబడదు. వాళ్ళు దాన్ని అందమైన సూపు అంటారు. రుచికి అందం అన్న మాట వాడటం నాకు మొదట్లో కొత్తగా ఉండేది, ఇప్పుడు వేరే మాట తోచదు.

వచ్చిన చిక్కు పిప్పితో. సూపు వంపేశాక కుండలో మిగిలినదాన్ని కాంటనీస్‌లో తోంగ్ జా అంటారు, అచ్చంగా పిప్పి అనే అర్థం. కొందరు సోయా సాస్‌లో అద్దుకు తింటారు, చాలా ఇళ్ళలో చెత్తబుట్టకు పోతుంది. సారమంతా నీళ్ళలోకి దిగిపోయిందని నమ్మకం. ఇది నేను ఒప్పుకోలేను. ఎముకల నుంచి జిగురు, రుచినిచ్చే పదార్థాలు, కొన్ని లవణాలు నీళ్ళలోకి దిగుతాయి, నిజమే. మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం మాంసంలోనే ఉండిపోతుంది. దుంపలోని పీచు, పిండి దుంపలోనే ఉంటాయి. నీళ్ళలోకి బాగా దిగేవాటిలో ప్యూరిన్లు కూడా ఉన్నాయి. అందుకే కీళ్ళవాపు గౌట్ ఉన్నవాళ్ళను ఇలాంటి సూపులకు దూరంగా ఉండమంటారు డాక్టర్లు. బురదలో దిగి ఎవరో తవ్వి తీసిన దుంపను మూడు గంటలు వాడుకుని పారేయడం నాకు మనసు రాని పని. ఈ ఒక్క విషయంలో పెద్దావిడతో నాకు ఎప్పుడూ పేచీయే. వూహాన్ వాళ్ళకు అసలు పిప్పి అన్న ఆలోచనే లేదు. వాళ్ళ గిన్నెలో దుంప ముక్కే పెద్ద పీట మీద కూర్చుంటుంది. చాప్‌స్టిక్‌తో గుచ్చి ఎత్తితే వెంట సాలెగూడులాంటి దారాలు సాగుతాయి, గిన్నె నుంచి నోటిదాకా. విడిపోయినా తెగని బంధాన్ని చెప్పడానికి చైనా భాషలో ఆ దారాలనే సామెతగా వాడతారు. అతిథికి పోసే గిన్నెలో మంచి ముక్కలు ఏరి వేస్తారు, చలికాలం పండగ పూట ఆ సూపు లేకపోతే భోజనం భోజనం కాదు.

ఇంతవరకు నా తూకం వూహాన్ వైపే మొగ్గింది. ఇక్కడ కాంటనీస్ ఇల్లాలి పక్షాన నిలబడక తప్పదు.

హాంగ్‌కాంగ్ సంతలో సూపు సరుకు అడిగితే అమ్మేవాళ్ళు వెంటనే ఇచ్చేయరు. ఎవరికి, అని అడుగుతారు. దగ్గుతున్న పిల్లకా, రాత్రిళ్ళు పనిచేసే మగవాడికా, ముసలమ్మకా? నోట్లో పొక్కులు వచ్చాయా, కాళ్ళు బరువుగా ఉన్నాయా? వాళ్ళ యీత్‌హే అన్న మాటకు తెలుగులో అనువాదమే అక్కర్లేదు, మనం ‘వేడి చేసింది’ అని రోజూ అంటూనే ఉంటాం. చలవ చేసేవి, వేడి చేసేవి, ఒంట్లో చెమ్మ లాగేసేవి అని సరుకంతటికీ వాళ్ళ దగ్గర లెక్క ఉంది. పచ్చి తామర దుంప చలవ, ఉడికితే ఆ గుణం పోయి ఒంటికి పుష్టి. ఎండాకాలం బూడిద గుమ్మడి, పొడిగాలి మొదలైతే పియర్ పళ్ళు, తెల్ల పుట్టగొడుగు. వారం వారం కుండ మారుతుంది, ఇంట్లో ఎవరికి ఏమి నలతగా ఉందో దాన్నిబట్టి. ఈ లెక్కలన్నీ శాస్త్రానికి నిలుస్తాయని నేను అనను. కానీ ఆ లెక్క వేయాలంటే ఇంట్లో ఒకరు మిగతా అందరి ముఖాలూ రోజూ చూస్తూ ఉండాలి. ఎవరు ఆకలి లేదన్నారు, ఎవరి గొంతు బొంగురుపోయింది. వూహాన్ కుండ అందరికీ ఒకటే, ఎవరినీ ఏమీ అడగదు.

ఈ తేడాకు వాతావరణం కొంత కారణమనిపిస్తుంది. క్వాంగ్‌తుంగ్‌లో ఏడాదిలో సగానికి పైగా ఉక్క, చెమట, గోడలకు చెమ్మ. ఒంట్లో వేడిని దించడం అక్కడి తిండికి పెద్ద పని. వూహాన్‌లో ఎండాకాలం కొలిమి, చలికాలం ఎముకలు కొరికే తేమ చలి. ప్రభుత్వం ఇళ్ళకు వేడి సరఫరా చేసే ఉత్తర చైనా గీతకు ఆ ఊరు దక్షిణాన పడింది. స్నేహితురాలి చిన్నతనంలో ఇంట్లో వెచ్చగా ఉండే చోటు సూపు కుంపటి పక్కనే. అలాంటి ఇంట్లో ఎవరికి ఏ గుణం అని ఆలోచించే తీరిక ఉండదు. అందరికీ వేడి వేడిగా కడుపు నిండాలి, అంతే.

మన వంటింటి పరీక్ష ఒకటి పెట్టి చూశాను: ప్రెషర్ కుక్కర్. వూహాన్ సూపు దానిలో బతికింది. ఎముకలు వేయించి, దుంప వేసి, అరగంట చిన్న మంట మీద పెడితే పిండి దుంప చక్కగా మెత్తబడింది. రంగు కొంచెం పాలిపోయింది, అంతే. కాంటనీస్ సూపు బతకలేదు. మూత బిగిస్తే నీళ్ళు ఇగరవు కదా. ఆక్టోపస్ ఒకవైపు, ఖర్జూరం ఒకవైపు, విడివిడిగా అరుస్తున్నట్టుంది. ఇంకో పరీక్ష మా అమ్మ వచ్చినప్పుడు. అమ్మ మాంసం ముట్టదు. ఎముకలు తీసేస్తే వూహాన్ సూపు ఉడికించిన దుంపే. కాంటనీస్ వాళ్ళకు మాత్రం బౌద్ధుల శాకాహారపు రోజుల కోసం దారి ఉండనే ఉంది: దుంప, పల్లీలు, ఎండు పుట్టగొడుగులు, ఖర్జూరాలు. పెద్దావిడే వండి తెచ్చింది. అమ్మ రెండు గిన్నెలు తాగి, మిరియాలు పడితే ఇంకా బావుండేదంది. పిప్పి కూడా తినేసింది.

ఏది రుచి అంటే వూహాన్‌ది. తామర దుంపను దుంపగా గౌరవించిన వంట అది. ఆ పిండి ముక్క నాలుక మీద విడిపోయేటప్పుడు నాకు కాంటనీస్ సూపు గుర్తు కూడా రాదు. ఒక ఇంటికి ఏడాది పొడుగునా ఒకే పద్ధతి ఇవ్వాల్సి వస్తే మాత్రం కాంటనీస్‌దే ఇస్తాను, పిప్పి పారేయకూడదన్న షరతుతో.

మొన్న డిసెంబరులో స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు వూహాన్ కుండే ఎక్కించాను. ఎనిమిది మందికి రెండు కిలోల దుంప. అడుగున ఒక్క ముక్క మిగల్లేదు. మర్నాడు పొద్దున మా అబ్బాయి గొంతు పట్టేసిందని గుటక మింగలేక కూర్చున్నాడు. సంతకు వెళ్ళాను. ఎవరికి, అని అడిగారు. చెప్పాను. రెండు పియర్ పళ్ళు, ఒక తెల్ల పుట్టగొడుగు కాగితంలో చుట్టి ఇచ్చారు.